యానిమేషన్ కుటుంబ చిత్రాల ఉత్తరభాగాలు: వసూళ్ల అంచనాలు, ఆదరణ – సోమందేపల్లె ప్రాంత దృశ్యసంప్రదాయ నేపథ్యం

వ్యాససంగ్రహం:
యానిమేషన్ కుటుంబ చిత్రం ఒకటి విజయం పొందగానే దాని ఉత్తరభాగం ఎంత వసూలు చేస్తుందన్న చర్చ మొదలవుతుంది. ‘మహావతార్ నరసింహ’ (2025) తరువాత రానున్న చిత్రాల విషయంలోనూ అదే జరుగుతోంది. ఈ చర్చ ఎక్కువగా నగర మల్టీప్లెక్సుల లెక్కల మీద నడుస్తుంది. కరవు సీమలోని సోమందేపల్లె పరిసరాల తోలుబొమ్మలాట, పౌరాణిక చలనచిత్ర సంప్రదాయాలను ఆధారం చేసుకొని ఆ అంచనాలను ఈ వ్యాసం పునఃపరిశీలిస్తుంది. ఉత్తరభాగానికి కుటుంబాన్ని రప్పించేది తరువాత ఏం జరుగుతుందన్న కుతూహలం కన్నా, తెలిసిన పాత్రను మళ్లీ చూడాలన్న కోరికేనని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: యానిమేషన్, ఉత్తరభాగం, తోలుబొమ్మలాట, మహావతార్ నరసింహ, లవకుశ, సోమందేపల్లె, అనువాద గాత్రం.

1. ఉపోద్ఘాతం:
2025 జూలై 25న ‘మహావతార్ నరసింహ’ విడుదలైంది. అశ్విన్ కుమార్ దర్శకత్వంలో క్లీమ్ ప్రొడక్షన్స్ నిర్మించిన ఈ చిత్రాన్ని హోంబలే ఫిలిమ్స్ సమర్పించింది. పేరున్న నటుడు లేడు, పెద్దగా ప్రచారమూ లేదు. తొలిరోజు దేశవ్యాప్తంగా నికర వసూలు 2 కోట్ల రూపాయల లోపే. మూడోరోజు, అంటే ఆదివారం, అది 9 కోట్లు దాటిందని వ్యాపారవర్గాల లెక్క. ప్రదర్శన ముగిసేనాటికి ప్రపంచవ్యాప్త స్థూల వసూలు 300 కోట్లు మించి, భారతీయ యానిమేషన్ చిత్రాల్లో అగ్రస్థానం దక్కింది. హిందీ తరువాత ఎక్కువగా వసూలు చేసింది తెలుగు రూపమే.

ఈ చిత్రం విడుదలకు ముందే నిర్మాతలు దీన్ని ఏడు చిత్రాల పరంపరకు మొదటిదిగా ప్రకటించారు. 2027లో పరశురామ, 2029లో రఘునందన, 2031లో ద్వారకాధీశ, 2033లో గోకులానంద, 2035, 2037లలో రెండు భాగాలుగా కల్కి రావలసి ఉన్నాయి. పన్నెండేళ్లకు ముందే తేదీలు వేసుకున్న పరంపర ఇది. దాని భవిష్యత్తు గురించి జరిగే చర్చలో ‘కుటుంబ ప్రేక్షకులు’ అన్న మాట పదేపదే వినిపిస్తుంది. ఆ కుటుంబం ఎవరిదన్న ప్రశ్న మాత్రం అంతగా వినిపించదు.

సోమందేపల్లె పెనుకొండకూ హిందూపురానికీ నడుమ ఉన్న మండల కేంద్రం. 2022 ఏప్రిల్‌లో పాత అనంతపురం జిల్లా నుంచి విడివడిన శ్రీసత్యసాయి జిల్లాలో ఉంది. వాన నమ్మకం లేని నేల, వేరుశనగ సేద్యం, మగ్గాలు, బెంగుళూరు దిక్కుగా వలసలు – ఈ సీమ బతుకును మలచినవి ఇవి. ఇక్కడ కుటుంబమంటే తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు అన్న నగర నమూనా అన్ని ఇళ్లకూ సరిపోదు. పని కోసం తల్లిదండ్రులు బెంగుళూరులో ఉంటే అవ్వతాతల దగ్గర పెరిగే పిల్లలు ఈ ప్రాంతమంతటా ఉన్నారు. బిడ్డను సినిమాకు తీసుకుపోయే పెద్దమనిషి అవ్వ అయినప్పుడు, ఉత్తరభాగాన్ని ఎన్నుకునే తీరు మారుతుంది. వెనుకటి చిత్రాన్ని బిడ్డ చూసి ఉండవచ్చు, అవ్వ చూడకపోవచ్చు. అయినా ఇద్దరికీ ఆ కథ తెలిసి ఉండాలి. పురాణకథ అయితే ఈ షరతు సులభంగా తీరుతుంది.

2. తోలుబొమ్మల తెర – తిరిగివచ్చే పాత్రలు:
యానిమేషన్ ఈ నేలకు కొత్త కావచ్చు గాని, వెలుగు వెనుక కదిలే బొమ్మ కొత్త కాదు. ఇదే జిల్లా ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మలాటకు ప్రసిద్ధి. ఆ గ్రామ కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. మేకతోలును వెలుగు చొరబడేంత పలుచగా శుద్ధి చేసి, గీతలు తీసి, రంధ్రాలు పొడిచి, రంగులద్ది, చేతులూ కాళ్లూ కీళ్లతో కలుపుతారు. తెల్లని తెర వెనుక దీపం పెట్టి ఆడిస్తారు. ఆడించే మనిషే పాడుతాడు, మాట్లాడుతాడు, కాలితో పలక తొక్కి యుద్ధధ్వని పుట్టిస్తాడు. స్త్రీపాత్రల గొంతు ఇంటి ఆడవారిది. కుటుంబం ఆడితే కుటుంబాలు చూసే ప్రదర్శన ఇది.

ఈ ఆట సంప్రదాయంగా రాత్రుల తరబడి సాగేది. రామాయణ, భారతాలను ఘట్టాలుగా విడదీసి ఒక్కో రాత్రి ఒక్కో ఘట్టం ఆడేవారు. సుందరకాండ చూసిన ఊరు మర్నాడు లంకాయుద్ధానికి వస్తుంది. రావణుడు చస్తాడా లేదా అన్న అనుమానంతో ఎవరూ రారు. వానలు రాని ఏట విరాటపర్వం చదివిస్తే, ఆడిస్తే వాన పడుతుందన్న నమ్మకం తెలుగునాట పాతదే. అంటే ఒకే ఊరు ఒకే కథను మళ్లీ మళ్లీ కోరి ఆడించుకుంది. కథ తెలిసి ఉండడం ఇక్కడ లోపం కాదు, ఆహ్వానానికి అదే కారణం. ‘ప్రేక్షకుడికి అలవాటైపోయిన కథ’ అని ఉత్తరభాగాల మీద సమీక్షకులు మోపే నేరం తోలుబొమ్మలాట ముందు నిలవదు.

అంతకన్నా ముఖ్యమైన విషయం హాస్యపాత్రలది. కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క ఏ పురాణానికీ చెందినవారు కారు. రామాయణంలోనూ వస్తారు, భారతంలోనూ వస్తారు. రాముడికీ అర్జునుడికీ వేరువేరు బొమ్మలుంటాయి. జుట్టుపోలిగాడి బొమ్మ ఒకటే, వాడి గొంతూ ఒకటే. కథ మారినా వాడు మారడు. ఊళ్లోని తాజా సంగతులు ఎత్తిపొడిచేదీ, నిద్రకు జోగే పిల్లలను లేపేదీ వాడే. నేటి చలనచిత్ర వ్యాపారం ‘ఫ్రాంచైజీ’ అని పిలిచే ఏర్పాటులో అతుకుగా పనిచేసే పాత్ర ఇదే. 2010లో ‘డెస్పికబుల్ మీ’లో పక్కపాత్రలుగా వచ్చిన మినియన్లు 2015 నాటికి తమ పేరుతోనే చిత్రం సంపాదించుకొని, ప్రపంచవ్యాప్తంగా 100 కోట్ల డాలర్ల పైన వసూలు చేశాయి. కథానాయకుడి కంటె విదూషకుడు తిరిగి రావడం తేలికన్న సంగతి నిమ్మలకుంట కళాకారుల వంశాలకు ఎప్పుడో తెలుసు.

తెలుగు అనువాదాల్లో ఈ సూత్రం ఆశ్చర్యకరంగా పనిచేసింది. 2019 నాటి ‘లయన్ కింగ్’ తెలుగు రూపంలో పుంబాకు బ్రహ్మానందం, టిమోన్‌కు ఆలీ గొంతునిచ్చారు. ముఫాసాకు పి. రవిశంకర్ చెప్పారు. 2024 డిసెంబరులో వచ్చిన ‘ముఫాసా’లో ప్రధానపాత్ర గొంతు మహేశ్‌బాబుకు మారింది. పుంబా, టిమోన్ల గొంతులు మాత్రం మారలేదు. రాజు గొంతు మారినా పరవాలేదు గాని, హాస్యగాళ్ల గొంతు మారకూడదని అనువాద నిర్మాతలకు తోచింది. ఆ జంట మాటల్లో తెలుగు ప్రేక్షకుడు వినేది అమెరికా హాస్యం కాదు. కేతిగాడు, బంగారక్కల పాత వాగ్వాదమే. ప్రపంచస్థాయిలో ‘ముఫాసా’ 72 కోట్ల డాలర్ల దగ్గర ఆగింది. 2019 చిత్రం 165 కోట్లు దాటింది. ఈ తేడా వల్ల ఉత్తరభాగమైనా, పూర్వకథ అయినా, పేరొక్కటే విజయానికి హామీ కాదని తేలుతుంది.

3. ‘లవకుశ’ – బిడ్డలున్న ఉత్తరభాగం:
ఉత్తరభాగమన్న భావన తెలుగు సాహిత్యానికి హాలీవుడ్ నేర్పినది కాదు. తిక్కన నిర్వచనోత్తర రామాయణం, కంకంటి పాపరాజు ఉత్తర రామాయణం కొనసాగింపు కథలే. తెరమీద దీనికి పరాకాష్ఠ 1963 నాటి ‘లవకుశ’. సి. పుల్లయ్య 1934లోనే ఈ కథను తీశారు. 1963 చిత్రాన్ని ఆయన మొదలుపెట్టగా కుమారుడు సి.ఎస్. రావు పూర్తిచేశారు. తెలుగులో తొలి పూర్తి నిడివి వర్ణచిత్రం ఇదే. బండ్లు కట్టుకొని ఊళ్లకు ఊళ్లు తరలివెళ్లి చూసిన చిత్రంగా పెద్దలు నేటికీ చెప్పుకుంటారు.

ఈ కథలో వెనుకటి కథానాయకుడే ఒక విధంగా దోషి. సీతను అడవికి పంపిన రాముణ్ణి నిలదీయడానికి కవి ఇద్దరు పిల్లలను సృష్టించుకున్నాడు. పాత కథ వారికి తెలుసు, పాటగా పాడతారు కూడా. అందులోని మనుషులు తమ తల్లిదండ్రులేనని మాత్రం తెలియదు. ప్రేక్షకుడికి అంతా తెలుసు. పిల్లలకు తెలియనిది తనకు తెలిసి ఉండడమే ఆ మూడున్నర గంటల దుఃఖానికీ ఆనందానికీ మూలం. బిడ్డతో వచ్చిన అవ్వ తెరమీది బిడ్డను చూసి కంటతడి పెట్టుకుంది, పక్కనున్న బిడ్డ గుర్రాన్ని కట్టేసిన లవుణ్ణి చూసి చప్పట్లు కొట్టింది. రెండు తరాలు ఒకే తెరమీద రెండు చిత్రాలు చూశాయి. కుటుంబ చిత్రానికి ఇంతకన్నా మంచి నిర్వచనం కష్టం.

విదేశీ యానిమేషన్ ఉత్తరభాగాల్లో భారీ విజయాలను ఈ దృష్టితో చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. ‘టాయ్ స్టోరీ’ (1995)లో బొమ్మలతో ఆడుకున్న ఆండీ మూడోభాగం (2010) నాటికి కాలేజీకి బయలుదేరతాడు. ‘ఇన్‌సైడ్ అవుట్’ (2015)లో పదకొండేళ్ల రైలీ రెండోభాగం (2024)లో పదమూడో ఏట అడుగుపెడుతుంది. మొదటిది 85 కోట్ల డాలర్ల పైన, రెండోది దాదాపు 170 కోట్ల డాలర్లు వసూలు చేశాయి. చైనా పురాణబాలుడు నేజా కథ 2019లో వచ్చింది. అదే బాలుణ్ణి కొనసాగించిన 2025 ఉత్తరభాగం 200 కోట్ల డాలర్లు దాటి యానిమేషన్ చరిత్రలోనే అగ్రస్థానానికి చేరింది. ఇక 2022 నాటి ‘లైట్‌ఇయర్’ విషయానికి వస్తే పేరు టాయ్ స్టోరీ కుటుంబానిదే అయినా అందులో ఆండీ లేడు, ఆటబొమ్మా లేదు. వసూలు 23 కోట్ల డాలర్లకు అందలేదు. కుటుంబాలు ప్రేమించింది బజ్ అనే వ్యోమగామిని కాదు, బజ్ అనే బొమ్మను. ఆ తేడా నిర్మాతలకు తెలియకపోవడం వింతే.

4. హైదరాబాదు స్టూడియోలు, తెలుగు బొమ్మ:
ఈ రంగంలో తెలుగువారి నైపుణ్యానికి కొదవ లేదు. ‘ఛోటా భీమ్’ను సృష్టించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ హైదరాబాదు సంస్థ. 2008లో టెలివిజన్‌లో మొదలైన ఆ బాలుడు 2012, 2013, 2016, 2019లలో థియేటర్లకు వచ్చాడు. ఏ చిత్రమూ ‘మహావతార్’ స్థాయి సంచలనం కాలేదు. రోజూ ఇంట్లో ఉచితంగా కనిపించే బిడ్డ కోసం అయిదు టికెట్లు కొనడానికి కుటుంబానికి ప్రత్యేక కారణం కావాలి.

అచ్చంగా తెలుగులో పుట్టిన యానిమేషన్ చిత్రం ‘కిట్టు’. బి. సత్య దర్శకత్వంలో 2006లో వచ్చిన ఈ కోతి కథకు ఉత్తమ యానిమేషన్ చిత్రంగా జాతీయ పురస్కారం దక్కింది. దానికి ఉత్తరభాగం రాలేదు. తెలుగు దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు 2008లో ‘ఘటోత్కచ్’ తీశారు, అది హిందీ చిత్రం. ‘బాహుబలి’, ‘కల్కి 2898 ఏడీ’ వంటి తెలుగు చిత్రాలకు అనుబంధంగా యానిమేషన్ ధారావాహికలు వచ్చాయి. అవి తారల చిత్రాలకు తోకలుగా వచ్చాయే గాని, బిడ్డల కోసం తెలుగులో ఒక పాత్రను నిలబెట్టలేదు. ఇన్ని స్టూడియోలున్న భాషలో రెండోసారి తిరిగివచ్చిన యానిమేషన్ పాత్ర ఒక్కటీ లేకపోవడం మార్కెట్ సమస్య మాత్రమే కాదు. సోమందేపల్లెలో నేడు పదేళ్ల బిడ్డకు తన భాషలో పుట్టిన జుట్టుపోలిగాడు తెరమీద లేడు. తోలుబొమ్మ కళాకారుల ఇళ్లలో ఆట బదులు దీపపు తొడుగులూ గోడ అలంకరణలూ తయారవుతున్న కాలం ఇది. బొమ్మ బతికింది గాని దాని గొంతు పోయింది.

5. టికెట్టు, ఆదివారం:
వసూళ్ల అంచనాల్లో తొలిరోజుకు అతిప్రాధాన్యం ఉంటుంది. తారల చిత్రాలకు అది న్యాయమే. కుటుంబ యానిమేషన్‌కు అది తప్పుడు కొలత. దినకూలి మానుకొని శుక్రవారం ఎవరూ పిల్లలను సినిమాకు తీసుకుపోరు. ‘మహావతార్’ శుక్రవారానికీ ఆదివారానికీ నడుమ వసూలు అయిదు రెట్లు పెరగడానికి మౌఖిక ప్రచారం ఎంత కారణమో సెలవురోజూ అంతే కారణం. తారాచిత్రానికి ఒక యువకుడు ఒక టికెట్టు కొంటాడు. కుటుంబ చిత్రానికి నిర్ణయం ఒకటే, టికెట్లు నాలుగో అయిదో. వస్తే అందరూ వస్తారు, మానితే అందరూ మానుతారు. అందువల్ల ఇటువంటి చిత్రాల వసూళ్లు నిదానంగా మొదలై ఒక్కసారిగా పెరుగుతాయి, లేదా మొదలు కాకుండానే ముగుస్తాయి.

ఆంధ్రప్రదేశ్‌లో టికెట్టు ధర ప్రభుత్వ ఉత్తర్వులకు లోబడి ఉంటుంది. 2021 ఏప్రిల్ ఉత్తర్వు ప్రకారం గ్రామ పంచాయతీ పరిధిలో కనిష్ఠ ధర 5 రూపాయలు. 2022 మార్చి సవరణతో కనిష్ఠం 20 రూపాయలైంది. పెద్ద తారల చిత్రాలకు ప్రత్యేక అనుమతితో ధర పెంచుకోవడం ఆనవాయితీ. యానిమేషన్ ఉత్తరభాగానికి ఆ దారి పట్టడం ఆత్మహత్యాసదృశం. టికెట్టుకు పెరిగిన 50 రూపాయలు అయిదుగురికి 250 అవుతాయి. త్రీడీ కళ్లజోడు ఖర్చు దానికి అదనం. ‘నరసింహ’ 2025 సెప్టెంబరు 19న నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది, అంటే ఎనిమిది వారాల్లో. రెండోభాగానికి అంతకాలం ఆగుదామనే కుటుంబాలు ఉంటాయి. ఫోనులో పదిసార్లు చూసి ప్రహ్లాదుణ్ణి తనవాణ్ణి చేసుకున్న బిడ్డ థియేటరుకు పోదామని మారాం చేయడమూ ఉంటుంది. వీటిలో ఏది గెలుస్తుందన్నది రెండోభాగంలో బిడ్డకు తెలిసినవారు ఎవరున్నారన్న దాని మీద ఆధారపడుతుంది.

6. ప్రహ్లాదుడి తరువాత:
‘నరసింహ’ చిత్రంగా లోపాలు లేనిది కాదు. మనుష్య ముఖాల్లో భావం చాలాచోట్ల బిగుసుకుపోయింది, పెదవుల కదలిక తెలుగు మాటకు కుదరదు. హిరణ్యాక్ష వరాహ కథతో మొదలైన పూర్వభాగం తొందరగా నడుస్తుంది. పోతన సప్తమ స్కంధం చదివినవారికీ, 1967 నాటి ‘భక్త ప్రహ్లాద’ చూసినవారికీ హోలిక ఘట్టం పరాయిగా తోస్తుంది. భాగవతంలో ఆమె లేదు. తండ్రీకొడుకుల వాదంలోని పదును ఇక్కడ తగ్గింది, హింసల పరంపర పెరిగింది. ఇన్ని ఉన్నా స్తంభం చీలిన తరువాతి ఘట్టంలో దర్శకుడి చేయి ఎక్కడా వణకలేదు. భయం, భక్తి, యుద్ధవేగం ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. చెప్పులు వదిలి థియేటరులోకి నడిచిన ప్రేక్షకుల గురించి వార్తలు వచ్చాయి. అదే జిల్లాలోని కదిరి గర్భాలయంలో నరసింహస్వామి పక్కన ప్రహ్లాదుడు నిలిచి ఉంటాడు. ఆ మూర్తిని చూసి పెరిగిన సీమకు ఈ చిత్రంలో ఉగ్రరూపంతో పాటు పక్కనున్న బిడ్డా కావాలి. చిత్రం ఇద్దరినీ ఇచ్చింది. విజయరహస్యం ప్రధానంగా ఇదే.

పరంపర తరువాతి అడుగులు మాత్రం ఆ బిడ్డను వెంట తీసుకుపోవు. ఒక్కో చిత్రంలో అవతారం మారుతుంది, లోకం మారుతుంది. విష్ణువు ఒక్కడేనన్నది తత్త్వపరంగా నిజం. ఎనిమిదేళ్ల ప్రేక్షకుడికి నరసింహుడూ పరశురాముడూ ఒకే పాత్ర కారు. కేతిగాడి వంటి అతుకు కూడా ఇందులో లేదు. ఏడు చిత్రాలకూ తోడు నడిచే నారదుడో, మరో చిన్నపాత్రో, ఒకే గొంతుతో ఉంటే ఈ లోటు కొంత తీరేది. ప్రకటించిన వరుసలో మరో వింత ఉంది. ద్వారకాధీశుడు 2031లో, గోకులబాలుడు 2033లో. బిడ్డలకు అత్యంత ప్రియమైన బాలకృష్ణుణ్ణి పెద్ద కృష్ణుడి తరువాతికి నెట్టారు. 2025లో ఎనిమిదేళ్లున్న బిడ్డకు అప్పటికి పదహారు నిండుతాయి. ఆండీలా, రైలీలా ప్రేక్షకుడితో పాటు ఎదిగే పాత్ర పరంపరలో లేనప్పుడు, ప్రతి చిత్రమూ కొత్త పిల్లలను మొదటి నుంచి సంపాదించుకోవలసిందే. ఇది ఉత్తరభాగం కాదు, ఒకే పేరు కింద వచ్చే వేరువేరు మొదటి భాగాలు. పూర్వ విజయపు గౌరవం తొలి ఆదివారం వరకు పనికివస్తుంది, రెండో ఆదివారానికి చిత్రమే నిలబడాలి.

వెంటనే ఎదురయ్యే పరీక్ష 2027 నాటి పరశురామ. ఆ కథలో కుటుంబ ప్రేక్షకులను కలవరపెట్టే ఘట్టం క్షత్రియ సంహారం కాదు. జమదగ్ని ఆజ్ఞతో కొడుకు తల్లి తల నరికే ఘట్టం. తరువాత వరంగా ఆమెను బతికించుకున్నాడని పురాణం చెబుతుంది. తెలుగు పల్లెల్లో మాత్రం రేణుక పురాణంతో ముగిసిపోలేదు. ఎల్లమ్మగా ఊరి పొలిమేరలో కొలువై పూజలందుకుంటోంది. బైండ్లవారు జమిడిక వాయిస్తూ చెప్పే కథలో ప్రధానపాత్ర ఎల్లమ్మే, పరశురాముడు ఆమె కొడుకు. సోమందేపల్లె వంటి చోట బిడ్డను థియేటరుకు తీసుకొచ్చే అవ్వ గొడ్డలి వీరుణ్ణి చూడడానికి రాదు. ఎల్లమ్మను చూడడానికి వస్తుంది.

ఉత్తరాది ప్రేక్షకులను దృష్టిలో పెట్టుకొని, పితృభక్తికి పరాకాష్ఠగా ఈ ఘట్టాన్ని త్వరత్వరగా దాటించి, గొడ్డలి యుద్ధాల మీద నిడివి పెంచే అవకాశం ఎక్కువ. ‘నరసింహ’లో హోలిక ప్రవేశించిన తీరు ఆ అనుమానానికి తావిస్తుంది. అదే జరిగితే తెలుగు వసూళ్లలో తొలి మూడురోజులు ఘనంగానే ఉండవచ్చు, ఆ తరువాత కుటుంబాలు తగ్గిపోతాయి. అలా కాక, తండ్రి మాటకూ తల్లి ముఖానికీ నడుమ నిలిచిన బాలరాముణ్ణి నిదానంగా చూపితే ‘లవకుశ’లో పనిచేసిన సూత్రమే మళ్లీ పనిచేస్తుంది. పెద్దలు తల్లిని చూస్తారు, పిల్లలు కొడుకును చూస్తారు. తెలుగు అనువాదకర్తకు ఇక్కడ చిన్నదైనా నిర్ణాయకమైన పని ఉంది. రేణుక అన్న పేరుతో పాటు ఎల్లమ్మ అన్న పేరు ఒక్కసారైనా ఆ తెరమీద వినబడాలి.